హింసాప్రవృత్తికి మెదడులో విద్యుత్ చికిత్స: సంతకం పెట్టే ముందు చూసుకోవలసినవి

ఇంట్లో మనిషి ఉన్నట్టుండి మీదపడి కొడుతుంటే, తన తలను తానే గోడకు బాదుకుంటుంటే ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన కుటుంబానికి, మెదడులోకి కరెంటు పంపి ఆ ఆవేశాన్ని అణచవచ్చని ఎవరైనా చెబితే ప్రాణం లేచివస్తుంది. అయినా ముందుగా, వారు చెబుతున్నది ఏ చికిత్సో తేల్చుకోండి. మత్తు ఇచ్చి, తలకు కరెంటు పంపి కొద్దిసేపు మూర్ఛ తెప్పించే ఈసీటీ వేరు. నుదుటి మీద తడిపిన స్పాంజ్ ముక్కలు పెట్టి 2 మిల్లీయాంపియర్ల కరెంటు పంపడం వేరు. ఇది హింసాలోచనలను తగ్గిస్తుందని చెప్పిన 2018 నాటి పరిశోధనలో పాల్గొన్న 81 మందీ ఆరోగ్యవంతులే, వారు జవాబులిచ్చింది కూడా చదివిన ఊహాసంఘటనలకే. పుర్రెకు రంధ్రం చేసి లోపల ఎలక్ట్రోడ్లు (కరెంటు పంపే సన్నని తీగలు), ఛాతీ పైభాగంలో చర్మం కింద బ్యాటరీ అమర్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ మరీ వేరు. పార్కిన్సన్స్ వ్యాధికి స్థిరపడిన ఈ చికిత్స, హింసాప్రవృత్తి విషయంలో ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

ఎవరి దగ్గరికీ వెళ్లకముందే ఒక నోటుపుస్తకం పెట్టి, ఆవేశం వచ్చిన ప్రతిసారీ వేళ, అంతకుముందు జరిగింది, ఆ రోజు వేసిన మందులు రాయండి. మాటలు రాని పిల్లవాడి విషయంలో ‘మధ్యాహ్నం 2 గంటలు, ముద్ద నమలగానే చెంప పట్టుకున్నాడు, కంచం విసిరాడు’ అన్న ఒక్క వాక్యం పంటి డాక్టరు దగ్గరికి దారి చూపగలదు. చెవిపోటు, మలబద్ధకం, గుర్తించని మూర్ఛ, కొత్తగా మార్చిన మందు కూడా ఇలాగే కోపం రూపంలో బయటపడతాయి.

తరువాత డాక్టరును అడగండి: తగ్గేది కోపమా, కదలికా? 1963లో స్పెయిన్‌లోని కోర్డోబాలో మెదడు శాస్త్రవేత్త హోసే డెల్గాడో, మెదడులో ముందే ఎలక్ట్రోడ్లు అమర్చిన ఎద్దు తన మీదికి దూసుకొస్తుంటే రేడియో మీట నొక్కి ఆపారు. ఎద్దు కోపం చల్లారిందని లోకం నమ్మింది. అయితే కరెంటు తగిలింది కదలికలతో సంబంధమున్న భాగానికి కనుక, ఎద్దు పక్కకు తిరిగినంత మాత్రాన శాంతించిందనలేమని ఇతర శాస్త్రవేత్తలు ఆక్షేపించారు. ఈ ప్రశ్న నేటికీ అంతే ముఖ్యమని నా నమ్మకం. రోజంతా మూలన మౌనంగా కూర్చున్నవాడిని నయమైనవాడిగా లెక్కించకూడదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 96వ సెక్షన్ ప్రకారం, మానసిక వ్యాధికి చికిత్సగా మెదడు శస్త్రచికిత్స చేయాలంటే విషయమంతా తెలుసుకుని రోగి స్వయంగా ఇచ్చే సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ఆమోదం రెండూ ఉండాలి. ఇంటివారు ఎంత విసిగిపోయినా వారి సంతకం రోగి సమ్మతికి బదులు కాజాలదు.

రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పుల గురించి, కొన్నేళ్లకొకసారి బ్యాటరీ మార్చే ఆపరేషన్ ఖర్చు గురించి, ఏ లక్షణం కనిపిస్తే పరికరాన్ని ఆపేస్తారన్న దాని గురించి రాతపూర్వకంగా జవాబు తీసుకుని, ఆ కాగితాన్ని రోగికి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించండి.