నిలువు గీత, అడ్డు గీత: ప్రమేయాన్నీ దాని విలోమాన్నీ గుర్తించే పద్ధతి

గ్రాఫు కాగితం మీద గీసిన వక్రం ప్రమేయమా (ప్రతి ఎక్స్ విలువకు ఒకే వై విలువ ఇచ్చేదా) కాదా, అయితే దానికి విలోమ ప్రమేయం (వై నుంచి తిరిగి ఎక్స్‌ను రాబట్టే ప్రమేయం) ఉంటుందా అని తేల్చుకోవడానికి ఒక చీపురుపుల్ల చాలు. పుల్లను వై-అక్షానికి సమాంతరంగా నిలువుగా ఉంచి, వక్రం ఎడమ కొస నుంచి కుడి కొస దాకా మెల్లగా జరపాలి. ఎక్కడా అది వక్రాన్ని ఒకటికి మించిన బిందువులలో తాకకపోతే అది ప్రమేయమే. మూలబిందువు కేంద్రంగా 5 యూనిట్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తంపై ఎక్స్ = 3 దగ్గర పుల్ల ఉంచితే, వై విలువ 4 వద్దా –4 వద్దా తగులుతుంది; కనుక వృత్తం ప్రమేయం కాదు. గ్రాఫులో ఖాళీ చుక్క ఉంటే ఆ బిందువు వక్రంలో లేదని అర్థం, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ పరీక్ష నెగ్గిన తరువాతే పుల్లను అడ్డంగా తిప్పి కింది నుంచి పైకి జరపాలి; ఎక్కడా అది వక్రాన్ని ఒకటికి మించిన బిందువులలో తాకకపోతే విలోమ ప్రమేయం ఉంటుంది. తిరుపతి పిల్లలకు దీన్ని అలిపిరి నడకదారితో చెబితే వెంటనే అందుతుంది. 3550 మెట్లున్న ఆ దారిలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరిన భక్తుడు ఏ సమయానికి అలిపిరి నుంచి ఎంత దూరంలో ఉన్నాడో గ్రాఫు గీయండి. ఒక క్షణంలో మనిషి ఒకేచోట ఉంటాడు కాబట్టి నిలువు పుల్లకు ఇబ్బంది రాదు. అతను గాలిగోపురం దగ్గర పావుగంట కూర్చుంటే మాత్రం గ్రాఫు అక్కడ చదునుగా సాగి, అడ్డంగా పెట్టిన పుల్ల దానిమీద పొడుగునా ఆనుకుంటుంది. "గాలిగోపురం దగ్గర ఎన్ని గంటలకు ఉన్నావు?" అని అడిగితే ఒక్క సమాధానం ఉండదు, అంటే దూరం నుంచి కాలాన్ని రాబట్టే విలోమ ప్రమేయం లేదు. ఆగకుండా, వెనక్కి తిరగకుండా నడిచి ఉంటే అది ఉండేది.

వై = ఎక్స్ రేఖ మీదుగా గ్రాఫును ప్రతిబింబిస్తే అడ్డు గీతలు నిలువు గీతలవుతాయి. అందుకే అడ్డు గీత పరీక్ష అంటే విలోమానికి చేసే నిలువు గీత పరీక్షేనని అర్థం చేసుకోవాలి. రెండు నియమాలుగా బట్టీ పట్టనవసరం లేదు.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఒక్క గీతతో తీర్పు చెప్పడంలో. వై = ఎక్స్ వర్గం గ్రాఫును వై = 0 గీత ఒక్కచోటే తాకుతుంది, కానీ వై = 4 గీత 2 వద్దా –2 వద్దా ఖండిస్తుంది కనుక అది అన్వేక ప్రమేయం (ఒక్కో వై విలువ ఒకే ఎక్స్ నుంచి వచ్చే ప్రమేయం) కాదు. గీత అసలు తగలకపోవడం వేరే సంగతి: వై = 2 ఘాతం ఎక్స్ గ్రాఫును వై = –1 గీత తాకకపోయినా అది అన్వేకమే, దాని విలోమానికి ధన సంఖ్యలే ప్రదేశం (ప్రమేయంలో పెట్టదగిన విలువల సమితి) అవుతాయి.

వై = ఎక్స్ వర్గం గ్రాఫు అయిన పరావలయానికి విలోమం కావాలంటే ప్రదేశాన్ని కుదించాలి. ఎక్స్ సున్నా లేదా ధన సంఖ్య అనుకుంటే విలోమం ధన వర్గమూలం, ఎడమ సగం తీసుకుంటే రుణ వర్గమూలం. ఏ సగం ఎంచుకున్నారో జవాబు పక్కనే రాయాలి.