వీపున సంచి, పక్కన సముద్రం: సిడ్నీ నుంచి కెయిర్న్స్ దాకా వెళ్ళడం ఎలా

మాది బాపట్ల. సూర్యలంక సముద్రం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి అలలంటే నాకు తెలుసనే ధీమా ఉండేది. సిడ్నీకి చదువుకోవడానికి వచ్చిన మొదటి డిసెంబరులో ఒక బీచ్‌లో నడుం లోతు నీళ్ళలోకి దిగాను. పక్కన అలలు విరుచుకుపడుతుంటే ఆ ఒక్క చోట మాత్రం నీళ్ళు నెమ్మదిగా, కాస్త నల్లగా ఉన్నాయి. అందుకే అక్కడ దిగాను. రెండు నిమిషాల్లో కాళ్ళ కింద ఇసుక తగలడం లేదు, ఒడ్డున పరిచిన నా తువ్వాలు చిన్నదైపోతోంది. ఎరుపు, పసుపు బట్టలు వేసుకున్న లైఫ్‌సేవర్ అమ్మాయి బోర్డు మీద వచ్చి నన్ను ఎక్కించుకుని తీసుకెళ్ళింది. ఒక్క మాట కూడా అనలేదు. ఒడ్డుకు చేరాక ఇసుకలో వేలితో గీసి, అలలు తెచ్చిన నీళ్ళన్నీ తిరిగి ఏ దారిన లోపలికి పోతాయో చూపించింది. నేను నిలబడింది సరిగ్గా ఆ దారిలోనే.

రెండేళ్ళ తర్వాత, చదువు అయిపోయి ఉద్యోగంలో చేరే ముందు ఐదు వారాల ఖాళీ దొరికితే, సిడ్నీ నుంచి కెయిర్న్స్ దాకా ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంబడి ఒంటరిగా వెళ్ళాను. రోడ్డు మీద సుమారు 2,500 కిలోమీటర్లు. మన పిల్లలు చాలామంది ఇక్కడ చదువుతున్నారు, ఇండియా నుంచి తల్లిదండ్రులు కూడా వస్తున్నారు. ఎవరు వెళ్ళినా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి ఇసుకలో గీసిన గీత సంగతి చెప్తాను, మిగతావన్నీ తర్వాత. అలల నీళ్ళు తిరిగి లోపలికి పోయే ఆ ప్రవాహాన్ని రిప్ కరెంట్ అంటారు. బీచ్‌లో ఎరుపు, పసుపు జెండాలు రెండు పాతి ఉంటాయి. ఈత వచ్చినా రాకపోయినా ఆ రెండింటి మధ్యే దిగండి. జెండాలు లేని బీచ్‌లో పాదాలు తడుపుకుని వచ్చేయండి. ఎప్పుడైనా నీళ్ళు లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒంట్లో శక్తి అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి అరవండి. ఆ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుందంతే. అత్యవసరమైతే ఫోన్ నంబరు 000.

ఎప్పుడు, ఎలా

నేను ఆగస్టు మధ్యలో బయల్దేరి సెప్టెంబరు మధ్యలో కెయిర్న్స్ చేరాను. నా దృష్టిలో ఇదే మంచి కాలం. ఇక్కడ చలికాలం అయిపోతూ ఉంటుంది, తిమింగలాలు తీరం వెంట తిరుగుతుంటాయి. ఉత్తర క్వీన్స్‌లాండ్ నీళ్ళలో ప్రాణం తీసే జెల్లీఫిష్‌ల కాలం నవంబరు నుంచి మే దాకా. ఆ నెలల్లో వెళ్తే ఒళ్ళంతా కప్పే స్టింగర్ సూట్ లేకుండా దిగకూడదు. బీచ్‌లలో అక్కడక్కడా స్తంభాలకు వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి, జెల్లీఫిష్ కుట్టిన చోట పోయడానికి.

కారు లేకపోయినా ఫర్వాలేదు. గ్రేహౌండ్ బస్సులకు విమిట్ అనే పాస్ ఉంది. ఎన్ని రోజుల పాస్ కొంటే అన్ని రోజుల్లోపు ఎన్నిసార్లయినా ఎక్కి దిగచ్చు. నేను 30 రోజులది తీసుకున్నాను. మొదటి బస్సు ఎక్కిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి సిడ్నీలో తిరిగిన రోజులు అందులో పోలేదు. పాస్ ఉన్నా ప్రతి ప్రయాణానికీ సీటు ముందే బుక్ చేసుకోవాలి.

ఎన్ని ఊళ్ళు అనేది అసలు ప్రశ్న. హాస్టల్లో నాకు పరిచయమైన వాళ్ళలో సగం మంది మూడు వారాల్లో పదిహేను చోట్ల ఆగుతున్నారు. పొద్దున బస్సు, సాయంత్రం ఫొటో, మళ్ళీ బస్సు. జంతువుల్ని చూడాలంటే అలా కుదరదు. ఒక చోట కనీసం మూడు రాత్రులు ఉండండి. నేను తొమ్మిది చోట్లే ఆగాను. గోల్డ్ కోస్ట్ వదిలేశాను, ఎయిర్లీ బీచ్ కూడా వదిలేశాను. ఎయిర్లీ బీచ్ నుంచి వెళ్ళే విట్‌సండే దీవుల పడవ ఖర్చు, కెయిర్న్స్‌లో పగడపు దిబ్బల పడవ ఖర్చు రెండూ భరించలేను కాబట్టి ఒకటే ఎంచుకున్నాను.

సంచిలో ఏముండాలి

బ్యాగ్ 12 కిలోలు దాటనివ్వకండి. నాలుగు జతల బట్టలు, త్వరగా ఆరే తువ్వాలు, లాకర్‌కి తాళం, చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు (డార్మ్‌లో, అంటే చాలామంది కలిసి పడుకునే గదిలో, గురక పెట్టేవాళ్ళు తప్పకుండా ఉంటారు), పొడుగు చేతుల స్విమ్మింగ్ చొక్కా. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ పెద్ద డబ్బా. మన ఒళ్ళు ఎండకు అలవాటే అనుకోవద్దు, ఇక్కడి ఎండ వేరు, రెండో రోజుకే నా మెడ మీద చర్మం లేచింది. ఊళ్ళ మధ్య సిగ్నల్ పోతుంది. టెల్‌స్ట్రా నెట్‌వర్క్ మీద నడిచే సిమ్ అయితే ఎక్కువ చోట్ల అందుతుంది.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి ఒక మాట. ఆవకాయ, పొడులు, స్వీట్లు ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డు మీద ఉన్నదున్నట్టు రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు. దాచిపెడితే జరిమానా. పచ్చి కరివేపాకు, విత్తనాలు అసలు తేవద్దు. నేను సిడ్నీ హారిస్ పార్క్‌లో మన దుకాణాల్లోనే అన్నీ కొన్నాను.

హాస్టల్ వంటగదిలో గిన్నెలు, పొయ్యి ఉంటాయి, కుక్కర్ ఉండదు. కందిపప్పు పట్టుకెళ్ళి మొదటి రాత్రి గంటసేపు ఉడికించాను. మర్నాడే మైసూరు పప్పుకి, అదే ఎర్ర పప్పుకి మారిపోయాను. అది పావుగంటలో మెత్తబడుతుంది. మీ సరుకుల సంచి మీద పేరు, వెళ్ళిపోయే తేదీ రాసి పెట్టండి, లేకపోతే ఊడ్చేటప్పుడు పారేస్తారు. 'ఫ్రీ ఫుడ్' అని రాసిన ఒక అర ఉంటుంది. వెళ్ళిపోయేవాళ్ళు వదిలేసిన బియ్యం, నూనె, ఉప్పు అందులో దొరుకుతాయి. నూనె, ఉప్పు నేను ఐదు వారాల్లో ఒక్కసారీ కొనలేదు.

ఇక్కడి పార్కుల్లో కరెంటు పొయ్యిలు కూడా ఉచితమే. రాతి దిమ్మె మీద నున్నటి స్టీలు పలక, పక్కన ఒక బటన్. హర్వీ బేలో సముద్రం ఒడ్డున అలాంటి పలక మీద దోసెలు పోశాను. అందరూ మాంసం కాల్చే పలక కాబట్టి మడత లేకుండా అల్యూమినియం రేకు పరిచాను. బటన్ నొక్కాక వేడెక్కడానికి పది నిమిషాలు పట్టింది. నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మనే దాకా ఆగి, ఇన్‌స్టంట్ పిండి పలచగా కలిపి గరిటెతో తిప్పాను. మొదటిది రేకుకు అంటుకుపోయింది. ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్దాక రెండోది అంచులు ఎర్రబడి తనే లేచింది. పక్క బల్ల దగ్గర చేపలు కాలుస్తున్న పెద్దాయన ఒకటి అడిగి తిన్నారు, ఇంకొకటి అడిగారు. అయిపోయాక పలక తుడిచి రావాలి, అది ఇక్కడి మర్యాద.

మొత్తం ఖర్చు రోజుకు సగటున 110 డాలర్లు పడింది. డార్మ్‌లో మంచానికి 35 నుంచి 60 దాకా. పెద్ద పడవ ప్రయాణాలు ఈ లెక్కలో లేవు. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్తుంటే చాలా హాస్టళ్ళలో ఆడవాళ్ళకే వేరే డార్మ్ ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. అమ్మకు ఆ ఒక్క మాట చెప్తే సగం టెన్షన్ తగ్గింది.

ఎక్కడెక్కడ ఆగాలి

సిడ్నీలో సర్క్యులర్ కీ నుంచి మ్యాన్లీ ఫెర్రీ ఎక్కండి. అరగంట ప్రయాణం, ఒపెరా హౌస్ పక్క నుంచి వెళ్తుంది. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. శుక్ర, శని, ఆదివారాల్లో రోజు మొత్తానికి పడే గరిష్ఠ ఛార్జీ తక్కువ, కాబట్టి ఫెర్రీలు ఆ రోజుల్లో పెట్టుకోండి. బాండై నుంచి కూజీ దాకా కొండ అంచున ఆరు కిలోమీటర్ల నడక పొద్దున్నే చేయండి.

పోర్ట్ మక్వారీలో కోలా జంతువుల ఆసుపత్రి ఉంది. 1973లో పెట్టారు. కారు గుద్దినవి, కార్చిచ్చులో కాలినవి, కళ్ళ జబ్బు వచ్చినవి అక్కడికి వస్తాయి. 2022లో ఈ తూర్పు రాష్ట్రాల కోలాలను అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. పార్కుల్లో కోలాతో ఫొటోకి పెట్టే డబ్బు ఇక్కడ విరాళంగా ఇవ్వండని నా మనవి.

కాఫ్స్ హార్బర్ దగ్గర వుల్‌గూల్గా అనే చిన్న ఊరు మనవాళ్ళు చాలామందికి తెలియదు. అరటి తోటల్లో పనికి వచ్చిన పంజాబీలు అక్కడే స్థిరపడ్డారు. ఆస్ట్రేలియాలో మొదటి గురుద్వారా 1968లో వెలసింది ఆ ఊళ్ళోనే. నేను వెళ్ళింది ఆదివారం. తలకు చున్నీ కప్పుకుని నేల మీద కూర్చుని రోటీ, పప్పు తిన్నాను. పది రోజులుగా నా చేతి వంట తింటున్న నాకు వడ్డించిన ఆ పెద్దావిడ "ఇంకో రోటీ" అంటుంటే కళ్ళు చెమర్చాయి. తిన్నాక ఊరి చివర కొండ కొమ్ము ఎక్కి కూర్చున్నాను. నలభై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత దూరంగా నీళ్ళ మీద తెల్లటి ఆవిరి చిమ్మింది, దాని పక్కనే ఇంకో చిన్న చిమ్ము. తల్లీ పిల్లా. టికెట్ లేదు, పడవ లేదు.

బైరన్ బేలో 1901 నాటి లైట్‌హౌస్ దగ్గరికి చీకటితోనే నడవండి. ప్రధాన భూభాగంలో అన్నింటికన్నా తూర్పు కొస అదే. అక్కడి నుంచి రాష్ట్రం దాటితే క్వీన్స్‌లాండ్. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా రెండు రాష్ట్రాల గడియారాలకు గంట తేడా ఉంటుంది, బస్సు టైము చూసుకోండి.

క్వీన్స్‌లాండ్‌లో సిటీ బస్సు, లోకల్ రైలు ఎంత దూరమైనా 50 సెంట్లు. 2024లో మొదలుపెట్టి తర్వాత శాశ్వతం చేశారు. బ్రిస్బేన్ నుంచి నాంబోర్ దాకా రైల్లో, అక్కడి నుంచి నూసాకి బస్సులో వెళ్ళాను, ఒక టీ ఖర్చు కూడా కాలేదు. నూసాలో సముద్రం పక్కన అడవి దారిలో తల పైకెత్తి నడవండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మాగ్‌పై పిట్టలు గూళ్ళు కాపాడుకుంటూ తల మీదికి దూసుకొస్తాయి. టోపీ పెట్టుకుని, పరిగెత్తకుండా ఆ చెట్టు దాటేయండి.

హర్వీ బేకి ఐదు రోజులు ఇచ్చాను, ఇంకో రెండు రోజులుంటే బాగుండేది. దక్షిణానికి తిరిగి వెళ్ళే హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లలతో ఆ ప్రశాంతమైన నీళ్ళలో ఆగుతాయి. పడవ నిర్ణీత దూరంలో ఇంజను తగ్గించి నిలబడాలి. రావాలో వద్దో వాటి ఇష్టం. ఒకటి వచ్చింది. కమ్మీ పట్టుకుని వంగితే దాని వీపు మీద అంటుకున్న గుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత దగ్గర. ఊపిరి వదిలితే తుంపర మొహం మీద పడింది, నిజాంపట్నం రేవు వాసన.

ఎదురుగా ఉన్న దీవి పేరు క్‌గారి. ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు. 2023లో అక్కడి ఆదివాసులైన బుచుల్లా ప్రజల పాత పేరు అధికారికంగా తిరిగి వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి, పొడవు 120 కిలోమీటర్ల పైనే. ఇసుకలో నడపడం రాకపోతే గైడ్‌తోనే వెళ్ళండి. లేక్ మెకెంజీలోకి దిగే ముందు సన్‌స్క్రీన్ కడుక్కోండి, వాన నీళ్ళతో నిండే సరస్సు అది. డింగోలు కుక్కల్లా కనిపిస్తాయి కానీ పెంపుడు కుక్కలు కావు, అడవి జంతువులు. ఎదురైతే పరిగెత్తకుండా, దాని వైపే చూస్తూ, చేతులు గుండెల మీద కట్టుకుని వెనక్కి అడుగులు వేయండి. బిస్కెట్ ముక్క కూడా వేయద్దు. తిండికి అలవాటుపడి మనుషుల మీదికొస్తే చివరికి ఆ జంతువునే చంపాల్సి వస్తుంది.

అక్కడి నుంచి టౌన్స్‌విల్ దాదాపు 1,100 కిలోమీటర్లు, రాత్రి బస్సు. గ్లాడ్‌స్టోన్ మొదలు పైకంతా మొసళ్ళుండే ప్రాంతం. వాగుల్లో, నది మొగల్లో, బోర్డు లేని చోట కూడా దిగకండి. టౌన్స్‌విల్ నుంచి ఫెర్రీలో మాగ్నెటిక్ ఐలాండ్ వెళ్ళి ఐదు రాత్రులు ఉన్నాను. ఫోర్ట్స్ వాక్ దారిలో కోలాను వెతకాలంటే ఆకుల్లోకి కాదు, కొమ్మలు చీలే చోట బూడిద రంగు ముద్ద కోసం చూడండి. రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోతుంది. ఒకదాని కింద గంటన్నర కూర్చున్నాను. లేచింది, చెయ్యి చాపి కొమ్మ లాక్కుంది, ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, వదిలేసి ఇంకో ఆకు అందుకుంది. మా నాయనమ్మ సంతలో వంకాయలు ఏరినట్టే ఏరింది.

చివరగా కెయిర్న్స్. ఊరి బీచ్‌లో బురద, మొసళ్ళు ఉంటాయి. ఈతకు ఒడ్డునే కట్టిన లగూన్ అనే కొలను ఉంది, ఉచితం. నాకు ఈత అంతంత మాత్రమే కాబట్టి పగడపు దిబ్బలకు వెళ్ళే ముందు మూడు సాయంత్రాలు ఆ లగూన్‌లో మాస్క్ పెట్టుకుని ఊపిరి పీల్చడం సాధన చేశాను. ఈత రానివాళ్ళు అది తప్పకుండా చేయండి. పడవ బయల్దేరే గంట ముందు వాంతులు రాకుండా మాత్ర వేసుకోండి. కళ్ళద్దాలుంటే పవర్ ఉన్న మాస్క్ అడగండి, చాలా పడవల్లో ఉంటుంది. ఈత రాదని సిబ్బందికి మొహమాటం లేకుండా చెప్పండి. తేలే చొక్కా తొడిగి, పట్టుకోవడానికి రింగు ఇచ్చి, పక్కనే ఒకరు వస్తారు.

నేను రింగు రెండు చేతులా పట్టుకుని మొహం నీళ్ళలో పెట్టాను. మొదట నా ఊపిరి చప్పుడే వినిపించింది. కాసేపటికి కింద పగడాల మధ్య నుంచి పచ్చ తాబేలు ఒకటి పైకి లేచింది. రెక్కల్లాంటి చేతులు ఆడిస్తూ నాకు రెండు బారల దూరంలో నీటి పైకి వచ్చి, ఒక్క గుక్క గాలి పీల్చుకుని, మళ్ళీ కిందికి వెళ్ళిపోయింది. అది కనిపించినంత సేపూ తల ఎత్తలేదు.