సహజవాయువు నుంచి శుభ్రమైన డీజిల్: తయారీ క్రమం

కోనసీమలో తాటిపాక పరిసరాల్లో లభించే సహజవాయువును ద్రవ ఇంధనంగా మార్చదలచినప్పుడు, ముందుగా అందులో గంధకం జాడలు లేకుండా శుద్ధి చేయాలి. ఈ దశలో పిసినారితనం చూపితే ఖరీదైన ఉత్ప్రేరకం (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం) పనికిరాకుండా పోతుంది. తరువాత నికెల్ ఉత్ప్రేరకంపై నీటి ఆవిరితోను, ఆక్సిజన్‌తోను చర్య జరిపి, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లు సుమారు 2:1 నిష్పత్తిలో ఉండే మిశ్రమాన్ని పొందాలి. 1920లలో జర్మనీలో శాస్త్రవేత్తలు ఫిషర్, ట్రాప్ష్‌లు రూపొందించిన పద్ధతి ననుసరించి, దీనిని కోబాల్ట్ ఉత్ప్రేరకంపై 200 నుంచి 240 డిగ్రీల సెల్సియస్ వద్ద, 20 నుంచి 30 బార్ల పీడనంతో పంపితే మైనం ఏర్పడుతుంది. అసలు కష్టం ఇక్కడే ఉంది: చర్యలో పుట్టే వేడితో గొట్టాల్లోని నీటిని మరిగిస్తూ, ఆ వేడిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే, కావలసిన మైనానికి బదులు సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేనే ఎక్కువగా ఏర్పడుతుంది, అంటే బయలుదేరిన చోటికే తిరిగివచ్చినట్టు. చివరగా మైనాన్ని హైడ్రోజన్‌తో చిన్న అణువులుగా విడగొడితే, గంధకం దాదాపు లేని డీజిల్ లభిస్తుంది.