గాలంతో ఉత్తరాదికి – 3వ పాఠం: తేదీ పెట్టేది నీళ్లే

పోయిన పాఠంలో చోటు తేల్చుకున్నాం: హిమాచల్ ప్రదేశ్, కులు జిల్లా, తీర్థన్ లోయ. చేప ట్రౌట్. ఈసారి ఎప్పుడు పోవాలో చూద్దాం. ఫ్లైట్ టికెట్ చౌకగా దొరికింది కదా అని ముందే తేదీ పెట్టుకునేవాళ్లు ఈ పాఠం చదివేదాకా ఆగండి. ఇలాంటి యాత్ర సగం చెడేది అక్కడే.

డిండిలోనో, మూసీ ప్రాజెక్టులోనో, కోయిల్‌సాగర్‌లోనో గాలం వేసేటప్పుడు మనం క్యాలెండర్ చూడం. నీళ్లుంటే చాలు. కొర్రమట్ట ఎండకు ఓర్చుకుంటుంది, బురదకు ఓర్చుకుంటుంది. నీళ్లలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి మింగి పోతుంది. ట్రౌట్ అలా కాదు. నీళ్లు 20 డిగ్రీలు దాటి వేడెక్కితే దానికి కష్టకాలమే. పైగా అది ఎక్కువగా కళ్లతో చూసి వేటాడే చేప. నీళ్లు మురికిగా ఉంటే మీ ఎర పక్కనుంచే పోయినా దానికి కనిపించదు. అసలు అది ఈ దేశపు చేపే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు యూరప్ నుంచి తెచ్చి కులు నదుల్లో వదిలితే, ఆ చల్లని నీళ్లు సరిపడి స్థిరపడిపోయింది. కాబట్టి మనం వెతకాల్సింది చల్లగా, తేటగా, మరీ ఉరవడి లేకుండా నీళ్లు పారే రోజుల్ని.

నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట బంద్. అది గుడ్లు పెట్టే కాలం. సంక్రాంతి సెలవుల ఆలోచన ఇక్కడితో సరి.

మార్చిలో వేట తెరుచుకుంటుంది. నీళ్లు తక్కువగా, తేటగా ఉంటాయి, చలి మాత్రం మామూలుగా ఉండదు. పొద్దున్నే చేతివేళ్లు కొయ్యబారి దారానికి ముడి పడదు. పిల్లల పరీక్షలు కూడా అప్పుడే కాబట్టి ఒంటరిగానో స్నేహితులతోనో పోయేవాళ్లకే మార్చి.

ఇక అందరూ అడిగే ప్రశ్న. "అన్నా, మే నెలల పిల్లలకు సెలవులుంటయ్ గదా, అప్పుడు పోతే కాదా?" పోవచ్చు. కాకపోతే మే, జూన్‌లలో నది రోజుకు రెండు రకాలుగా ఉంటుందని తెలిసి పోవాలి. తీర్థన్ నది పుట్టేది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు పైభాగంలోని మంచులో. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పార్కు అది. పగటి ఎండకు పైన మంచు కరుగుతుంది. ఆ నీళ్లు లోయలోకి దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున ఆరింటికి మోకాళ్ల లోతున్న పాయ సాయంత్రానికి తొడల దాకా రావచ్చు, రంగు కూడా పాలిపోతుంది. కాబట్టి మేలో వెళ్తే తెల్లారుతూనే గాలం వేసి, పదకొండింటికల్లా చుట్టేసి, మధ్యాహ్నాలు ఇంటివాళ్లతో గడపండి. ఇంట్లో మంచి పేరు కూడా వస్తుంది.

జులై నుంచి సెప్టెంబరు సగం దాకా ఆ వైపు చూడొద్దు. వర్షాలకు కొండచరియలు విరిగిపడతాయి, నీళ్లు మట్టి రంగుకు తిరుగుతాయి. 2023 జులైలో బియాస్ నది పొంగి కులు, మండి జిల్లాల్లో రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. ఈ నెలల్లో హోటళ్లు సగం ధరకు ఇస్తున్నాయంటే అందుకే.

మిగిలింది సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు ఆఖరు దాకా. వానలు ఆగి ఉంటాయి, మంచు కరగడం తగ్గి ఉంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. గుడ్ల కాలం ముందుంది కాబట్టి చేప ఆకలి మీద ఉంటుంది. నా ఓటు దీనికే. మన దసరా సెలవులు కూడా ఇంచుమించు ఇందులోనే పడతాయి. రెండు చిక్కులున్నాయి. ఒకటి, సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లో లేకుండా పోతే తర్వాత ఎన్ని మాటలు పడాలో మీకే తెలుసు, అందులో నేను తలదూర్చను. రెండోది, మన పండుగ ముగిసే విజయదశమి నాడే కులు దసరా మొదలై వారం రోజులు సాగుతుంది. చుట్టుపక్కల దేవుళ్లందరినీ పల్లకీల మీద కులుకు తెస్తారు. బస్సులు కిటకిట, గదులు కరువు. తీర్థన్ లోయకు కులు దాకా పోనక్కర్లేదు, ఢిల్లీ నుంచి మనాలి పోయే రాత్రి బస్సులో ఔట్ అనే ఊరి దగ్గరే దిగాలి. అయినా ఆ వారం బస్సు సీటు ముందే చూసుకోవాలి. కండక్టరుకు "ఔట్, టన్నెల్‌కు ముందే" అని రెండుసార్లు చెప్పండి. నిద్రలో టన్నెల్ దాటితే దాదాపు 3 కిలోమీటర్లు అవతల తేలతారు. ఔట్ నుంచి లార్జీ, బంజార్ మీదుగా లోయలోకి జీపులు, లోకల్ బస్సులు ఉంటాయి.

రోజుల లెక్క: పోను రెండు, రాను రెండు, గాలానికి మూడు. మొత్తం వారం. గాలానికి రెండే రోజులు పెట్టుకుంటే ఒక వాన చాలు, అంతా పోతుంది. లైసెన్సు మత్స్యశాఖ దగ్గర రోజు చొప్పున తీసుకోవాలి కాబట్టి మూడు రోజులకూ ఒకేసారి కట్టకండి. పొద్దున నీళ్లు చూసి కట్టండి.

ఇప్పుడు ఈ పాఠంలో అసలు భాగం. 2014 జూన్ 8 గుర్తుంది కదా. హైదరాబాదు నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్‌లో కొట్టుకుపోయారు. ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగి ఉండగా పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. మీరు దిగే ఔట్ నుంచి అది ఎంతో దూరం లేదు. అందుకే లార్జీ కింద బియాస్‌లో ఎంత తేట నీళ్లు కనిపించినా గాలం తీయకండి. తీర్థన్ మీద పెద్ద డ్యాములు లేవు, కానీ పై కొండల్లో కుండపోత కురిస్తే మీ నెత్తిన ఎండ కాస్తుండగానే నది లేస్తుంది.

దీనికి చిన్న పద్ధతి ఉంది. ఒడ్డున నిలబడే ముందు అరచేయంత రాయి ఒకటి తీసి సగం నీళ్లలో, సగం బయట ఉండేలా పెట్టండి. గాలం విసిరిన ప్రతి నాలుగైదుసార్లకు దాన్నొకసారి చూడండి. పొడిగా ఉన్న భాగం తడిసిందా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయా, రంగు మారిందా? ఒక్కటి కనిపించినా గాలం చుట్టి పైకెక్కండి. నది మధ్య బండమీదికి మాత్రం అసలు పోవద్దు. ట్రౌట్ ఒడ్డు నుంచే అందుతుంది.

ఎక్కడ అందుతుందన్నదే మీ హోంవర్క్. వాన వెలిశాక, మోకాలి లోతు కూడా లేని వాగు దగ్గరికి పోండి. నీళ్లకు అడ్డంగా ఉన్న పెద్ద రాయి చూసుకుని, దానికి ఎగువన ఎండుటాకు వేయండి. ఆకు రాయి పక్కనుంచి జోరుగా పోయి, రాయి వెనక ఒక్క క్షణం తటపటాయించి, గిరగిరా తిరిగి మళ్లీ పారే నీళ్లలో కలుస్తుంది. జోరు నీళ్లకూ నిలకడ నీళ్లకూ మధ్య సన్నటి గీతలాంటిది కనిపిస్తుంది, చూడండి. తీర్థన్‌లో ట్రౌట్ కాచుకుని ఉండేది ఆ గీత మీదే, తల ఎగువకు పెట్టి. ఆ గీత చూడగానే గుర్తుపట్టేదాకా ఇలా పది రాళ్ల దగ్గరైనా ఆకులు వేయండి.

నాలుగో పాఠంలో రాడ్, రీల్, దారం, వాటిని విమానంలో ఎలా తీసుకుపోవాలన్నది చెప్పుకుందాం. అప్పటిదాకా షాపుకు పోయి ఏమీ కొనకండి.