ఓవెన్ లేకుండా కస్టర్డ్ టార్టులు: పై మేకర్ పద్ధతి

పై మేకర్ అంటే గుంటల్లో పిండి పరిచి, లోపల ఏదైనా నింపి, మూత వేసి ‘పై’లు (pie) కాల్చే చిన్న కరెంటు మెషిన్. దానితో పాటు వచ్చే చిన్న పుస్తకంలో టార్టుల (పిండి గిన్నెలో కస్టర్డ్ నింపి కాల్చే తీపి వంటకం) గురించి ఏమన్నా ఉంటే అది రెండు మూడు వాక్యాలే. పిండి పరచండి, కస్టర్డ్ పోయండి, మూత వేయండి. అలా చేస్తే టార్టు రాదని అనను. వస్తుంది, కానీ కస్టర్డ్ బిగుసుకుపోయి గుడ్డు వాసన కొట్టే వేళకి కింద పిండి ఇంకా తెల్లగానే ఉంటుంది. చాలా పై మేకర్లలో వేడి పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ బటన్ ఉండదు. ప్లగ్ పెడితే అది వేడెక్కాల్సినంత వేడెక్కుతుంది, లైటు మారుతుంది, ఇక మన చేతిలో ఉండేది టైం ఒక్కటే. పిండి కాలడానికి పట్టే టైం వేరు, కస్టర్డ్ గట్టిపడడానికి పట్టే టైం వేరు. అందుకే నేను పిండిని సగం కాల్చి, కస్టర్డ్‌ని స్టవ్ మీద దాదాపు పూర్తిగా ఉడికించి, ఆ తర్వాతే రెండింటినీ మెషిన్‌లో కలుపుతాను.

ఎలాంటి టార్టు వస్తుందో ముందే చెప్పేస్తే మంచిది. లిస్బన్‌లోని బెలేంలో 1837 నుంచి అమ్ముతున్న పోర్చుగీస్ టార్టుల మీద నల్లగా కాలిన మచ్చలు ఉంటాయి చూడండి, అవి ఇందులో రావు. వాటికి 250 డిగ్రీలు దాటిన ఓవెన్ కావాలి, పైనుంచి కూడా గట్టి సెగ తగలాలి. 1989లో చైనా తీరంలోని మకావ్‌లో ఆండ్రూ స్టో అనే ఇంగ్లీషాయన మొదలుపెట్టిన టార్టులదీ అదే సంగతి. పై మేకర్‌లో వచ్చేది హాంకాంగ్ బేకరీల రకానికి దగ్గర: మచ్చ లేకుండా, పసుపు పచ్చగా, నున్నగా. లేదా పైన జాజికాయ పొడి చల్లే ఇంగ్లీషు రకం. మా ఇంట్లో ఎక్కువగా చేసేది ఈ రెండోదే. జాజికాయని అప్పటికప్పుడు గీరి వేయాలి. డబ్బాలో ఏళ్ల తరబడి పడి ఉన్న పొడి వేసేకంటే అసలు మానేయడం నయం.

నాలుగు పెద్ద గుంటలున్న మెషిన్‌కి ఒక వాయి లెక్క ఇది. కస్టర్డ్‌కి 300 మిల్లీలీటర్ల చిక్కటి పాలు, మూడు గుడ్ల పచ్చసొనలు, 60 గ్రాముల పంచదార, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ (తలకొట్టి), అర టీస్పూన్ వెనిలా ఎసెన్స్, చిటికెడు ఉప్పు. ఉప్పు మర్చిపోవద్దు, అది లేకపోతే తీపి చప్పగా అనిపిస్తుంది. పిండికి 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి వెన్న, ఒక టేబుల్ స్పూన్ పంచదార పొడి, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల ఐస్ నీళ్లు.

పిండి గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన పనే. మైదా, పంచదార పొడి, గిల్లిన వెన్న వేళ్ల చివర్లతో నలిపి, రవ్వలా అయ్యాక నీళ్లు చల్లుతూ ముద్ద చేయండి. పిసకొద్దు. పిసికితే మైదాకి సాగుడు వచ్చి, గుంటలో పరిచాక అంచులు ముడుచుకుపోతాయి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, మెషిన్‌తో ఇచ్చిన కట్టర్లలో పెద్దదానితో కోయండి. చిన్న కట్టర్ ‘పై’ల మీద వేసే పిండి మూత కోసం, దాంతో ఇప్పుడు పని లేదు. ఓపిక లేని రోజు ఫ్రోజెన్ పఫ్ పేస్ట్రీ షీటు వాడండి, తప్పేం లేదు. కాకపోతే దాన్ని ఫోర్కుతో బాగా పొడవాలి, లేకపోతే పొరల మధ్య ఆవిరి చేరి గుంట నిండా ఉబ్బి కూర్చుంటుంది, కస్టర్డ్‌కి చోటే మిగలదు.

ఇక కస్టర్డ్. అసలు పని ఇక్కడే ఉంది. పాలు వేడి చేయండి, పొంగక్కర్లేదు, గిన్నె అంచున చిన్న బుడగలు కనిపిస్తే చాలు. ఈలోపు వేరే గిన్నెలో పచ్చసొనలు, పంచదార, కార్న్‌ఫ్లోర్, ఉప్పు కలిపి రంగు కాస్త తేలేదాకా విస్క్‌తో గిలక్కొట్టండి. పంచదార, పచ్చసొన ఒక దగ్గర వేసి కలపకుండా వదిలేస్తే పచ్చసొన అక్కడక్కడా గడ్డకడుతుంది, ఆ పలుకులు తర్వాత కరగవు. వేసిన వెంటనే కలపండి. వేడి పాలు ముందు ఒక గరిటెడు, సన్నటి ధారగా, కలుపుతూనే పోయాలి. ఆ తర్వాత మిగతావి పోసేసి, మొత్తం మళ్లీ పాల గిన్నెలోకి వంపి సన్నటి సెగ మీద పెట్టండి.

ఇప్పుడు ఫోన్ మోగినా తీయొద్దు. ముందు మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగదు, నురగ తేలుతూ పాలలాగే ఉంటుంది. తర్వాత ఆ నురగ మెల్లగా మాయమవుతుంది. అది గుర్తు పెట్టుకోండి, నురగ పోయిందంటే ఇంకో నిమిషంలో చిక్కబడుతుంది. విస్క్ పక్కన పెట్టి సిలికాన్ గరిటె తీసుకోండి, ఎందుకంటే విస్క్ గిన్నె మూలలకి అందదు, మాడేదీ అక్కడే. అడుగు నుంచి గీరుతూ తిప్పుతుంటే ఒక్కసారిగా గరిటెకి బరువు తెలుస్తుంది. మధ్యలో ఒకటి రెండు పెద్ద బుడగలు ‘బుడుక్కు’మని పైకి వచ్చి పగులుతాయి. చాలామంది ఇక్కడ కంగారుపడి దించేస్తారు. దించకండి. సెగ అలాగే ఉంచి, తిప్పుతూ ఇంకో నిమిషం ఉడకనివ్వండి. పచ్చసొనలో గంజిని కరిగించే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. దాన్ని బాగా వేడెక్కించి చంపకపోతే, ఇప్పుడు చక్కగా చిక్కబడిన కస్టర్డ్ ఫ్రిజ్‌లో పెట్టాక తెల్లారేసరికి పల్చబడిపోతుంది. ఉడికితే గుడ్డు విరిగిపోతుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు, కార్న్‌ఫ్లోర్ ఉన్నంతసేపు విరగదు. ఉత్త గుడ్డు, పాలతో చేసే కస్టర్డ్ అయితే ఆ భయం నిజమే.

దించాక వెనిలా కలిపి, జల్లెడ గుండా మూతి ఉన్న జగ్గులోకి వడకట్టండి. జగ్గే ఎందుకంటే, వేడి మెషిన్ మీద గరిటెతో పోస్తే ఒలకక మానదు, ఒలికింది అంచు కింద చేరి మాడి టార్టుని పట్టేస్తుంది. మీగడ కట్టకుండా క్లింగ్ ఫిల్మ్‌ని కస్టర్డ్‌కి తగిలేలా కప్పి, గోరువెచ్చన అయ్యేదాకా ఉంచండి.

గుడ్డు పడనివాళ్లకి కస్టర్డ్ పౌడర్ ఉంది. నిజానికి దాని పుట్టుకే అందుకు: ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు గుడ్డు పడని భార్య కోసం కార్న్‌ఫ్లోర్‌తో చేశాడు, అదీ 1837లోనే. బెలేంలో అన్ని పచ్చసొనలతో టార్టుల అమ్మకం మొదలైన ఏడాదే ఇదీ జరగడం నాకు భలే సరదాగా ఉంటుంది. మా చిన్నాడికి గుడ్డు పడదు కాబట్టి వాడివి ఎప్పుడూ ముందు వాయిలోనే అయిపోవాలి, గుడ్డు తగిలిన మెషిన్‌లో వాడివి వేయను. 300 మిల్లీలీటర్ల పాలకి మూడు టేబుల్ స్పూన్ల పౌడర్ పడుతుంది. డబ్బా మీద రాసిన కొలత కంటే ఇది ఎక్కువే. గుడ్డు ఉన్న కస్టర్డ్ మెషిన్‌లో ఇంకాస్త బిగుస్తుంది, ఇది బిగియదు, స్టవ్ మీదే కావాల్సినంత చిక్కబడాలి. గుడ్డు లేదని తేల్చుకోవడానికి పౌడర్ డబ్బా వెనక పదార్థాల పేర్లు ఒకసారి చదువుకోండి.

మెషిన్‌ని మూత మూసి, లైటు మారేదాకా వేడి చేయండి. ఈ లోపు బేకింగ్ పేపర్‌ని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కో గుంటకి రెండేసి సిద్ధం చేసుకోండి. గుంటలో వాటిని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేసి, కొసలు బయటికి ఉంచి, వాటి మీద పిండి చక్రం పరవాలి. తర్వాత టార్టుని బయటికి తీసేవి ఈ కొసలే. పిండిని వేళ్లతో కాక, చిన్న గ్లాసు అడుగుతోనో చెక్క గరిటె వెనకతోనో నొక్కండి, ప్లేటు వేడి మామూలుగా ఉండదు. నాలుగూ ఒకేసారి చకచకా పరవాలి, లేకపోతే మొదటిది మెత్తబడి జారిపోతుంది.

ఏమీ పోయకుండా మూత వేసి నాలుగు నిమిషాలు. తీసి చూస్తే పిండి అడుగున ఉబ్బి ఉంటుంది, స్పూను వెనకతో మెల్లగా అణచండి. మిగిలిన తెల్లసొన ఎలాగూ ఉంది కదా, బ్రష్‌తో లోపలంతా పల్చగా రాసి, మూత తెరిచే ఉంచి అర నిమిషం ఆగండి. అది ఆరి పొరలా అంటుకుంటుంది, కస్టర్డ్ తడి పిండిలోకి దిగకుండా ఆపుతుంది. మా చిన్నాడికి చేసే వాయిలో మాత్రం ఇది ఉండదు, అందుకని పిండిని ఇంకో నిమిషం ఎక్కువ కాలుస్తాను.

ఇప్పుడు జగ్గుతో కస్టర్డ్ పోయండి, ముప్పాతిక వంతే. వేడికి అది కొద్దిగా ఉబ్బుతుంది. నిండా పోస్తే పై ప్లేటుకి అతుక్కుని, మూత తెరవగానే పైపొర మొత్తం దానితోనే లేచి వస్తుంది. జాజికాయ గీరి, మూత ఆనించండి, లాక్ వేయొద్దు. ఆరు నిమిషాల తర్వాత చూడండి. అంచుల చుట్టూ కస్టర్డ్ నిలిచిపోయి, మెషిన్‌ని కాస్త కదిపితే మధ్యలో బొటనవేలి గోరంత మేర మాత్రం వణకాలి. అంతా వణుకుతుంటే ఇంకో రెండు నిమిషాలు. పౌడర్ కస్టర్డ్‌తో ఈ పరీక్ష కుదరదు, అక్కడ పిండి రంగే లెక్క.

అయిపోయింది అనిపించాక మూత కింద చెక్క గరిటె కాడ అడ్డం పెట్టి, సందు ఉంచి ఇంకో రెండు నిమిషాలు వదలండి. మూసిన మెషిన్‌లో ఆవిరికి దారి ఉండదు, పిండి అంచుల్ని మెత్తబరిచేది ఆ ఆవిరే. సందులోంచి అది పోయాక అంచు గట్టిపడి, గోటితో కొడితే చిన్న చప్పుడు వస్తుంది.

ప్లగ్ తీసి, ఒక నిమిషం ఆగి, పేపర్ కొసలు నాలుగూ కూడదీసి పట్టుకుని నిటారుగా ఎత్తండి. కత్తితోనో ఫోర్కుతోనో పొడిచి లేపకండి, నాన్‌స్టిక్ పూత ఒక్క గీతతో పాడవుతుంది. ఎత్తాక ప్లేటులో పెట్టొద్దు, జాలీ మీద పెట్టండి. ప్లేటు మీద అడుగున చెమట పట్టి ఇంత కష్టం వృథా అవుతుంది. వేడిగా ఉన్నప్పుడు కోస్తే కస్టర్డ్ కారుతుంది కాబట్టి కనీసం ముప్పావుగంట ఆగాలి. మా ఆయన ఆగరు, స్పూనుతో తింటారు.

గుడ్డూ పాలూ ఉన్న వస్తువు కాబట్టి రెండు గంటలకి మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి, రెండు రోజుల్లో తినేయండి. మర్నాడు వేడి చేయాలంటే మైక్రోవేవ్ వద్దు, పిండి మెత్తబడి సాగుతుంది. పై మేకర్‌నే వేడెక్కించి, టార్టుని గుంటలో పెట్టి, మూత సగం తెరిచి మూడు నిమిషాలు ఉంచితే అడుగు మళ్లీ కరకరలాడుతుంది.

రెండో వాయి వేసేముందు గుంటల అంచుల్లో రాలిన పొడిని పొడి బ్రష్‌తో దులపండి, లేకపోతే అది మాడి కొత్త టార్టు అడుగున నల్లటి చుక్కలుగా అంటుకుంటుంది. అన్నీ అయ్యాక మెషిన్ గోరువెచ్చగా ఉండగానే తడిగుడ్డతో తుడిచేయాలి, పూర్తిగా చల్లారితే ఒలికిన కస్టర్డ్ రాయిలా పట్టేస్తుంది. నీళ్ల కింద మాత్రం పెట్టకండి. మూత కీలు దగ్గర చేరిన వెన్న జిడ్డుకి గుడ్డ అందదు, ఇయర్ బడ్‌ని వేడినీళ్లలో ముంచి, నీళ్లు పిండేసి, దాంతో తీయండి.