ఒళ్లొంచిన పగలు, మందు పడిన రాత్రి: షుగరు పడిపోకుండా చూసుకోవడం

షుగరు డౌనవడం అంటే మందు తాగుతున్నప్పుడో, పనిలో ఉన్నప్పుడో కళ్లు తిరగడమే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ ప్రమాదం ఆ తర్వాత, నిద్రలో ఉంటుంది. పగలంతా ఉభాల్లోనో (వరి నాట్లలోనో), ఉద్దానం జీడితోటల్లోనో ఒళ్లొంచి, సాయంత్రం ఓ క్వార్టరు వేసుకుని, అన్నం సరిగ్గా తినకుండా మంచమెక్కిన షుగరు జబ్బున్న మనిషికి రాత్రి రెండు మూడు గంటల వేళ షుగరు పడిపోవచ్చు. ఒళ్లంతా చెమట, మూలుగు, ముద్దముద్దగా మాట. ఇంట్లోవాళ్లు "తాగీసి పడుకున్నాడు, లేపకండి" అంటారు. మత్తుకూ, షుగరు పడిపోవడానికీ పైకి కనిపించే గుర్తులు దాదాపు ఒక్కటే. నోటి దగ్గర మందు వాసన వస్తుంటే ఇక షుగరు మీదకు ఎవరి ఆలోచనా పోదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. తిండికీ తిండికీ మధ్య రక్తంలో చక్కెర నిలబెట్టేది కాలేయం. అది రెండు రకాలుగా చక్కెర ఇస్తుంది: దాచుకున్న నిల్వలోంచి తీసి ఇవ్వడం ఒకటి, కొత్తగా తయారుచేసి ఇవ్వడం రెండోది. ఎక్కువసేపు పని చేసినా, నడిచినా నిల్వ తరిగిపోతుంది. కండరాలు తాము ఖర్చుపెట్టిన నిల్వను మళ్లీ నింపుకోవడానికి రక్తంలోని చక్కెరను 24 గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, లాక్కుంటూనే ఉంటాయి. ఇక మందు పడితే కాలేయం ముందు దాన్ని విరగ్గొట్టే పనిలో పడుతుంది, కొత్త చక్కెర తయారీ ఆగుతుంది. గాదెలో ధాన్యం అయిపోయింది, మిల్లూ ఆడటం లేదు. అలాంటి రాత్రి ఒంట్లో ఇన్సులినో, దాన్ని పుట్టించే మాత్రో పని చేస్తూ ఉంటే షుగరు కిందికి జారకుండా పట్టుకునేది ఏదీ ఉండదు.

కాబట్టి ముందు మీ మాత్రల అట్ట తిప్పి చూడండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ అని ఉంటే అది షుగరును పడగొట్టగల మాత్ర. "నాది మెట్‌ఫార్మినే" అని చెప్పేవాళ్లలో చాలామంది వేసుకునేది గ్లిమెపిరైడ్ కలిపిన మాత్ర. ఒక్క మెట్‌ఫార్మినే అయితే డౌనయ్యే భయం బాగా తక్కువ. కానీ దాని మీద విపరీతంగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ముప్పుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు తాగి, తినకుండా ఉంటే రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగవచ్చు. అప్పుడు మీటరులో షుగరు మామూలుగానే కనిపించినా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. అలా వస్తే ఆసుపత్రికే వెళ్లాలి.

పనికి, నడకకు ముందు

నాగావళి గట్టు మీద నడకైనా, అయ్యకోనేరు చుట్టూ నాలుగు తిరుగుళ్లైనా, పొలం పనైనా ఒంటికి లెక్క ఒకటే. వారానికి 150 నిమిషాలు, వరసగా రెండు రోజులకు మించి మానకుండా చేస్తే షుగరు బాగా దారిలోకి వస్తుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిచినా భోజనం తర్వాత ఎగిరే షుగరు తగ్గుతుంది.

ఇన్సులిన్ గానీ, పైన చెప్పిన మాత్రలు గానీ వాడేవాళ్లు బయల్దేరే ముందు మీటరు చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే ముందు దానికి వైద్యం (కింద "ఇంట్లోవాళ్లకు" అన్నచోట చెప్పాం), ఆ తర్వాతే నడక. 70కీ 100కీ మధ్య ఉంటే ఒక చిన్న అరటిపండో, నాలుగు మేరీ బిస్కెట్లో తిని వెళ్లండి. 100 నుంచి 250 దాకా బయల్దేరవచ్చు. 250 దాటి, ఒంట్లో బాగోకపోయినా, కీటోన్లు ఉన్నా ఆ రోజు మానేయాలి. టైప్ 1 వాళ్లు (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవనివాళ్లు) ఇక్కడ కీటోన్ పరీక్ష తప్పకుండా చేసుకోవాలి. గంటకు మించి సాగే పనిలో మధ్యలో ఇంకోసారి చూసుకుని, అవసరమైతే తినాలి. పొలానికి చోడి (రాగి) అంబలి తీసుకెళ్లే అలవాటు మంచిదే. కానీ డౌనైనప్పుడు అంబలి మీద ఆధారపడకండి, అది అందుకునేసరికి ఆలస్యమవుతుంది. జేబులో గ్లూకోజు పొడి ప్యాకెట్టు వేరుగా ఉండాలి.

నాట్లు వేసే రోజు, కోతల రోజు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు తగ్గించాలో డాక్టరుతో ముందే మాట్లాడి చీటీ మీద రాయించుకోండి. సీజను మొదలయ్యాక సొంతంగా ఊహించడం మంచిది కాదు. నడవబోయే ముందు తొడకు సూది వేసుకుంటే, కాలు ఆడి, ఇన్సులిన్ త్వరగా ఎక్కుతుంది. ఆ వేళ పొట్టకు వేసుకోవడం నయం.

బరువులెత్తడం దగ్గర లెక్క కాస్త తిరగబడుతుంది. వెయిట్‌లిఫ్టింగ్‌కు పేరున్న కొండవెలగాడ, ఆమదాలవలస వైపు వ్యాయామశాలలకు వెళ్లే కుర్రాళ్లలో షుగరు ఉన్నవాళ్లకు గట్టిగా బరువులెత్తిన వెంటనే మీటరులో అంకె పెరిగి కనిపించవచ్చు. అడ్రినలిన్ ఎగదోయడం వల్ల కాలేయం చక్కెర వదులుతుంది, అంతే. గంటా రెండు గంటల్లో దిగుతుంది. ఆ అంకె చూసి అదనంగా ఇన్సులిన్ వేసుకుంటే రాత్రికి పడిపోతారు. షుగరు వల్ల కంటి వెనక పొరలోని రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు కంటి డాక్టరు సరేనంటే తప్ప బరువులు ఎత్తకూడదు.

వేలు పొడుచుకునే ముందు చేతులు కడుక్కోండి. అరటిపండు ఒలిచిన వేలికి, బెల్లం ముట్టుకున్న వేలికి అంటిన తీపి స్ట్రిప్పు మీద పడితే 80 ఉన్నది 180 చూపించగలదు. స్ట్రిప్పుల డబ్బా బండి డిక్కీలో ఎండకు వదిలేసినా అంకెలు తప్పుతాయి.

తాగితే

తాగకపోవడమే మేలు, అందులో రెండో మాట లేదు. కాలేయం జబ్బు, పాంక్రియాస్ (క్లోమం) వాపు, కాళ్ల నరాల తిమ్మిర్లు ఉన్నవాళ్లు, ట్రైగ్లిసరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) బాగా ఎక్కువ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇంతకుముందు షుగరు పడి స్పృహ తప్పినవాళ్లు అసలు ముట్టకూడదు. మిగతావాళ్లు తాగేది ఎంతో గ్రాముల్లో తెలుసుకోవాలి. 30 మి.లీ. విస్కీలోనో, బ్రాందీలోనో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 180 మి.లీ. క్వార్టరంటే 60 గ్రాములు. ఎనిమిది శాతం ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు సీసాలో 40 గ్రాములు. "బీరే కదా" అనే మాట ఇక్కడే తప్పుతుంది. ఒళ్లు గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే విరగ్గొట్టగలదు. రాత్రి తొమ్మిదింటికి అయిపోయిన క్వార్టరు తెల్లవారుజామున నాలుగింటికీ కాలేయాన్ని వదలకపోవచ్చు. డౌనయ్యే ముప్పు 24 గంటల దాకా ఉంటుంది.

మగవాళ్లకు రోజుకు రెండు చిన్న (30 మి.లీ.) పెగ్గులు, ఆడవాళ్లకు ఒకటి. ఆ లోపే ఆగాలి, అదీ రోజూ కాదు. వారమంతా మానేసి ఆదివారం ఒక్కరోజే అన్నీ కలిపి తాగడం అన్నిటికంటే చెడ్డది. కూల్‌డ్రింకు కలిపితే 300 మి.లీ.కి 30 గ్రాముల పైన చక్కెర చేరి, షుగరు ముందు ఎగిరి తర్వాత పడుతుంది. నీళ్లో, సోడానో కలుపుకోండి. తాటికల్లు దించిన వేళను బట్టి మారిపోతుంది: తాజాగా తీపి, అంటే చక్కెర, ఎండెక్కేకొద్దీ పులిసి చక్కెర తగ్గుతుంది, ఆల్కహాలు పెరుగుతుంది. అందుకే కల్లుకు లెక్క కుదరదు. నాటుసారా జోలికి పోనే వద్దు, అందులో మిథనాల్ అనే విషం ఉంటే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది.

ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. వేపుడు ముక్కలు, ఆమ్లెట్టు నంజుకుంటే భోజనం అయినట్టు కాదు, వాటిలో షుగరును నిలబెట్టే పిండిపదార్థం దాదాపు లేదు. అన్నమో, చపాతీయో తినాల్సిందే. విజయనగరంలో పైడితల్లి జాతర సిరిమాను రోజున పొద్దుటి నుంచీ నిలబడి, నడిచి, తిండి వేళ తప్పాక రాత్రికి బంధువులంతా కూర్చునే సందర్భం ఇందుకు సరైన ఉదాహరణ. ఆ రోజు తిరిగిన తిరుగుడు కూడా వ్యాయామమే, దాన్నీ లెక్కలో వేసుకోండి.

పడుకునే ముందు మీటరు చూడాలి. 100 లోపు ఉంటే రెండు ఇడ్లీలో, కాస్త అన్నమో తినండి. అంకె ఎక్కువ కనిపించినా అదనంగా ఇన్సులిన్ వేసుకోవద్దు. మూడింటికి అలారం పెట్టి మళ్లీ చూడండి. ఈ పని ఇంట్లో ఇంకొకరికి, భార్యకో, ఎదిగిన పిల్లలకో, మీరు తాగకముందే అప్పజెప్పాలి.

ఇంట్లోవాళ్లకు

షుగరు పడితే కనిపించే గుర్తులు ఇవి: చెమట, వణుకు, గుండెదడ, తికమక మాట. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. తాగాడో లేదో తేల్చకండి, వేలు పొడిచి చూడండి. మీటరు లేకపోతే డౌనయిందనే అనుకోండి.

మింగగలిగితే మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు గానీ, అంటే 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే ఇంకోసారి. దాటాక తిండి పెట్టండి. వేరుశనగ అచ్చు, చాక్లెట్టు వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్న మనిషని, వేసుకునే మాత్ర పేరు, మందు తాగిన సంగతి, మూడూ చెప్పండి. షుగరు పెంచడానికి వేసే గ్లూకాగాన్ సూది కాలేయంలోని నిల్వ మీదే ఆధారపడుతుంది కాబట్టి తాగినవాళ్లలో సరిగ్గా పనిచేయకపోవచ్చు, సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించాల్సి వస్తుంది. గ్లిమెపిరైడ్ రకం మాత్రల వల్ల పడితే ఒకసారి లేచి కూర్చున్నా కొన్ని గంటల్లో మళ్లీ పడవచ్చు. ఆసుపత్రి నుంచి తొందరపడి తీసుకురావద్దు.

పలాస, కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. కిడ్నీ పనితీరు తగ్గితే ఇన్సులిన్, ఈ మాత్రలు ఒంట్లోంచి త్వరగా పోవు, పాత మోతాదే ఎక్కువై కూర్చుంటుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరిగిందని తెలిసిన రోజే షుగరు మందుల చీటీ డాక్టరుకు మళ్లీ చూపించండి. పని చేసి వచ్చి ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకోవడం కూడా ఆ కిడ్నీకే దెబ్బ.

తెల్లారాక తల బరువుగా ఉన్నా, తినబుద్ధి కాకపోయినా టిఫిన్ వేళకు తినండి. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని పొలానికి వెళ్లొద్దు.