గోల్ఫ్ షాఫ్ట్ ఒకే చోట మళ్లీ మళ్లీ విరుగుతుంటే

నా ఏడో నంబర్ ఐరన్ అనే గోల్ఫ్ కర్రకున్న గ్రాఫైట్ షాఫ్ట్ (పొడవాటి కడ్డీ) ఏడాదిలో రెండుసార్లు విరిగింది, రెండుసార్లూ సరిగ్గా హెడ్ (బంతిని కొట్టే భాగం) మొదలయ్యే చోటే. షాఫ్టులే నాసిరకం అనుకుని మూడోది కొని తెచ్చాక, ఎందుకో హోసెల్ (షాఫ్ట్ కొన దూరే హెడ్ గొట్టం) లోపలి అంచు మీద గోరు పెట్టి గీస్తే బ్లేడులా తగిలింది. కొట్టిన ప్రతిసారీ షాఫ్ట్ ఆ అంచు మీదే వంగుతోంది మరి!

సన్నటి గుండ్రటి ఆకురాయితో ఆ అంచును చుట్టూ ఒక మిల్లీమీటరు మేర ఏటవాలుగా అరగదీశాను. లోపలి పాత జిగురంతా గీకేసి, స్పిరిట్ గుడ్డతో తుడిచాను. షాఫ్ట్ కొనకు, లోపలికి వెళ్లే అంగుళం మేర మాత్రమే, పెయింట్ పోయేదాకా గరుకు కాగితం రుద్దాలి. నల్లటి పొడి రాలడం మొదలైతే కార్బన్ పోగులు తెగుతున్నట్టే, వెంటనే ఆపేయండి. తర్వాత ఫెర్రూల్ (హెడ్, షాఫ్ట్ కలిసే చోట ఉండే చిన్న ప్లాస్టిక్ తొడుగు) ఎక్కించి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి రాసి, 24 గంటలు కదపకుండా నిలబెట్టాను. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం మాత్రం వద్దు, ఆ దెబ్బలకు ఆగదు.

షాఫ్ట్ మధ్యలోనో గ్రిప్ దగ్గరో విరుగుతుంటే ఇది పనికిరాదు, అప్పుడు బ్యాగు అంచుకు రాసుకుని పడ్డ గీతల కోసం చూడండి.